మన చెత్త మన పెరట్లోనే!

మా వీధిలోకి చెత్తబండి ఉదయం ఆరున్నరకి వస్తుంది. ఈల వినబడగానే పొయ్యి మీది పాలు దించి గేటు దగ్గరికి పరుగు. మూడేళ్ల కిందట ఒకనాడు అలాగే పరుగెత్తి, మూతి ముడేసిన పాలిథిన్ సంచీ అందించి వెనక్కి తిరిగాను. రెండడుగులు వేశానో లేదో ‘అమ్మా!’ అన్న కేక. బండి దగ్గరున్నామె కుడి అరచేతిని ఎడమ చేత్తో బిగించి పట్టుకుని నిలబడి ఉంది. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతోంది.

సంచీలో ఏం వేశానో అప్పుడు గుర్తొచ్చింది. ముందురోజు రాత్రి మావాడి చేతిలోంచి గాజు గ్లాసు జారి పగిలింది. ఆ పెంకులు ఊడ్చి, దగ్గర్లో ఉన్న చెత్తబుట్టలో పడేశాను. వాటి మీద మిగిలిన సాంబారన్నం, బీరకాయ చెక్కు, టీ పొడి, అరటి తొక్కలు. ఆమె ఆ సంచీ విప్పి ప్లాస్టిక్కు వేరు చేస్తుందనీ, అందులో చెయ్యి పెట్టక తప్పదనీ నాకు తెలియదా? తెలుసు. రోజూ చూస్తూనే ఉన్నాను.

నీళ్లతో కడిగి గుడ్డ కట్టాను. ధనుర్వాతం ఇంజెక్షను చేయించుకోమని డబ్బులిచ్చాను. ‘‘ఏం పర్లేదమ్మగారూ, మాకిది అలవాటేనండి’’ అంటూ బండి తోసుకుంటూ వెళ్లిపోయింది. నాలుగు తిట్టి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. ఆ ‘అలవాటే’ అన్న మాట మాత్రం ఇప్పటికీ మనసులోంచి పోలేదు.

ఆ రోజంతా ఆలోచించాను. తప్పు గాజు పెంకుదా? కాగితంలో చుట్టి విడిగా ఇచ్చి ఉంటే అది ఎవరినీ కోసేది కాదు. తడిసి ముద్దయిన తొక్కల్లో కలిపేయడం వల్లే కనబడకుండా పోయింది. అంటే, తడిచెత్తని మిగతా చెత్తలో కలిపిన దగ్గరే తంటా అంతా మొదలవుతోంది. మరి ఆ తడిచెత్త అసలు మా గేటు దాటకపోతే? పెరట్లో రెండు కొబ్బరిచెట్లు, ఒక మామిడి, ఇన్ని పూలమొక్కలు ఉన్నాయి. వాటికి ఎరువు బజార్లో కొంటున్నాను. ఎరువు కావలసిన దాన్నేమో సంచీలో కట్టి ఇంకొకరి చేతుల్లో పెడుతున్నాను. ఇదెక్కడి తెలివి?

కుడితి గోలెం ఉన్నన్నాళ్లూ...

మా అత్తయ్యగారిది రాజోలు దగ్గర పల్లెటూరు. ఆవిడ కాపరానికొచ్చిన కొత్తలో ఇంట్లో చెత్తబుట్ట అన్న వస్తువే లేదంటారు.

‘‘మరి చెత్త ఎక్కడ వేసేవారండీ?’’ అని అడిగాను.

‘‘చెత్తేవిటమ్మాయ్? బియ్యం కడుగు, గంజి, కూరల తొక్కలు కుడితి గోలెంలోకి. అది గేదె తాగేది. అరటి దొప్పలు, పనస తొక్కలు ఆవు తినేది. పేడ, పెరటి ఆకులు, పొయ్యిలో బూడిద పెంటపోగులోకి. ఏడాదికోసారి బండికెత్తి చేలోకి తోలేవారు. కొబ్బరి మట్టలు, డొక్కలు పొయ్యిలోకి. ఈనెలు చీపుళ్లకి. ఇంకేం మిగిలిందీ, పారెయ్యడానికి?’’

నిజమే కదా! వంటింట్లోంచి పశువుకి, పశువు నుంచి పెంటపోగుకి, పెంటపోగులోంచి చేనుకి, చేలోంచి మళ్లీ వంటింటికి. మధ్యలో ఎక్కడా తెగని గొలుసు. గేదెని అమ్మేశాం. గ్యాసు పొయ్యి వచ్చింది. పెంకుటిల్లు డాబా అయింది. పెరడంతా సిమెంటు చేయించుకుని శుభ్రంగా ఉందని సంబరపడ్డాం. గొలుసు తెగిపోయింది. నిన్నటిదాకా ఎరువు అనిపించుకున్నది ఇవాళ చెత్త అయింది. తొక్కలు మారలేదు, అన్నం మారలేదు. అవి వెళ్లే దారి మూసుకుపోయింది, అంతే.

అలాగని ఆ పాత రోజులే మళ్లీ రావాలని నేననడం లేదు. ఆ గొలుసు ఎవరి రెక్కల మీద నడిచిందో అత్తయ్యగారినే అడగండి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పేడ ఎత్తడం, తట్ట నెత్తిన పెట్టుకుని పెంటపోగు దాకా మొయ్యడం, కుడితి కలపడం... అన్నీ ఆడవాళ్లే. ‘‘నడుం పడిపోయేదమ్మా. అవేం గొప్ప రోజులు కావు’’ అని ఆవిడే అంటారు. మనకి కావలసింది ఆ చాకిరీ కాదు, ఆ తెలివి. పశువు లేకుండా, నడుం పడిపోకుండా ఆ గొలుసుని మళ్లీ అతికించుకునే ఉపాయమే కంపోస్టు. ఈ పద్ధతిని ఒక శాస్త్రంగా రాసిపెట్టిన ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఇంగ్లీషాయన 1924 నుంచి 1931 దాకా మన దేశంలోనే, ఇండోర్‌లో పనిచేశాడు. అందుకే దానికి ఇండోర్ పద్ధతి అని పేరు. భారతదేశపు రైతులే తనకి గురువులని ఆయనే చెప్పుకున్నాడు. మన అత్తగార్ల పెంటపోగు మనకే కొత్త సంగతిలా తిరిగొచ్చిందన్నమాట!

కాలవలు కట్టేసినప్పుడు చూడండి

‘గేటు దాటితే ఏమవుతుందిలే’ అనుకునేవాళ్లు ఒక్కసారి వేసవిలో కాలవ గట్టు మీద నడిచి చూడండి.

ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. మన కోనసీమ పచ్చగా ఉందంటే ఆ నీళ్ల చలవే. బొబ్బర్లంక దగ్గర బయల్దేరిన కాలవ లొల్ల లాకుల దగ్గర చీలి మనందరికీ వస్తుంది. ఒక పాయ గన్నవరం అక్విడక్టు మీదుగా వైనతేయ దాటి రాజోలు వైపు వెళ్తుంది. ఆ నీళ్లే చేలకి, ఆ నీళ్లే ఊరి మంచినీళ్ల చెరువుకి. ఏటా వేసవిలో మరమ్మతుల కోసం కాలవలు కట్టేస్తారు. నీళ్లున్నన్నాళ్లూ దాగిన గుట్టంతా అప్పుడు బయటపడుతుంది. తూముల దగ్గర, వంతెనల కింద పాలిథిన్ సంచీలు గుట్టలు. విప్పి చూస్తే సగం మన వంటింటి సరుకే. కొబ్బరి డొక్కలు, కుళ్లిన కూరలు, పెళ్లి భోజనాల ఆకులు, వినాయకచవితి పత్రి. పత్రి భక్తిగానే వదిలాం, నిజమే. దాన్ని కట్టిన కవరు కూడా భక్తిగానే వదిలామా?

కాలవ లేని చోట మురుగు కోడులో పడుతుంది. కోడు పూడితే వానాకాలంలో చేలోని నీరు లాగదు. మురుగు లాగకపోతే ఎంత నష్టమో కోనసీమ రైతుకి వేరే చెప్పక్కర్లేదు. 2011లో ఇక్కడి రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పుకున్న బాధల్లో సరిగా పారని మురుగు కాలవలూ ఒకటి.

ఇక తగలబెట్టే అలవాటు ఉండనే ఉంది. సాయంత్రమయ్యేసరికి ఇంటింటి ముందూ ఆకుల పోగు, దాన్లో రెండు ప్లాస్టిక్ కవర్లు, ఒక అగ్గిపుల్ల. ఆ పొగ మన పిల్లలే పీల్చాలి. మొక్కకి పోవాల్సిన సారం ఆ పొగలోనే పోతుంది.

గవర్నమెంటు చెయ్యాలిగా?

చెయ్యాలి. చెయ్యవద్దని ఎవరన్నారు? 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నియమాలు ప్రతి ఇంటివారూ తడి, పొడి, ప్రమాదకరమైన చెత్తలని ఇంట్లోనే వేరు చెయ్యాలని చెప్పాయి. 2021 అక్టోబరు 2న మొదలైన ‘క్లాప్’ కార్యక్రమం కింద రాష్ట్రంలో పట్టణాల్లో ఇళ్లకి మూడు రంగుల బుట్టలు పంచారు. తడికి ఆకుపచ్చ, పొడికి నీలం, ప్రమాదకరమైనవాటికి ఎరుపు. నాకు తెలిసిన ఒకరింట్లో ఆకుపచ్చ బుట్టలో ఉల్లిపాయలున్నాయి, నీలం బుట్టలో పిల్లల బొమ్మలున్నాయి! పల్లెల్లో ‘చెత్త నుంచి సంపద’ షెడ్లు కట్టారు. షెడ్డుకి వచ్చే చెత్త కలగాపులగంగా ఉంటే సంపద ఎక్కణ్ణుంచి వస్తుంది? వానపాములు తొక్కలు తింటాయి గానీ షాంపూ పొట్లాలు తినవు కదండీ!

కుదిరిన చోట ఎలా కుదిరిందో కూడా చూద్దాం. 2003 ప్రాంతంలో, అప్పటి నల్గొండ జిల్లాలోని సూర్యాపేట పేరు దేశమంతా మారుమోగింది. మున్సిపల్ కమిషనరు ఎస్.ఎ.ఖాదర్‌గారి హయాంలో వీధి కుండీలు ఎత్తేసి, ఇంటింటికీ వెళ్లి తడీ పొడీ వేరువేరుగా తీసుకున్నారు. తడిచెత్తతో వానపాముల ఎరువు చేశారు. అక్కడ మంత్రం ఏమీ లేదు. ఇంట్లో ఇల్లాలు వేరు చేసి ఇచ్చింది. బండివాళ్లు మళ్లీ కలపకుండా తీసుకెళ్లారు. రెండూ జరిగాయి కాబట్టి కుదిరింది.

ఇంకో ఊరు కేరళలోని అలప్పుళ. మనల్ని రెండో కేరళ అంటారు కదా, ఆ ఊరు అచ్చం మనలాంటిదే. కాలవలు, కొబ్బరి, పీచు పరిశ్రమ. ఊరి చెత్తంతా సర్వోదయపురం అనే చోట పోసేవారు. ఆ కంపు భరించలేక అక్కడి జనం 2012లో చెత్త రానివ్వం అని అడ్డం తిరిగారు. ఊళ్లో చెత్త పేరుకుపోయింది. అప్పుడు మున్సిపాలిటీ ‘ఎవరింటి చెత్త వారింట్లోనే’ అన్న దారి పట్టింది. ఇళ్లలో పైపు కంపోస్టులు, చిన్న గోబర్ గ్యాసులాంటి ప్లాంట్లు పెట్టించింది. పెరడు లేనివాళ్ల కోసం వీధుల్లో గాలి ఆడే తొట్లు కట్టించింది. 2017లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ ఆదర్శంగా చెప్పిన అయిదు నగరాల్లో ఆ ఊరు ఒకటి. కాలవలూ కొబ్బరీ ఉన్న ఊరు చెయ్యగలిగింది మనం చెయ్యలేమా?

నా మొదటి గొయ్యి

చెయ్యి తెగిన సంగతి జరిగిన వారానికే నేను పనిలో దిగాను. పుస్తకంలో చదివినట్టు పెరట్లో మూడడుగుల గొయ్యి తవ్వించి తొక్కలన్నీ దాన్లో పడేశాను. శ్రావణమాసం. మన నేల సంగతి మీకు తెలుసుగా! నాలుగు వానలు పడేసరికి గోతిలో నీళ్లు ఊరాయి. పదో రోజుకి మురుక్కాలవ వాసన. పక్కింటావిడ కిటికీ తలుపులు దభీమని వేసుకుంది. మావారు ముక్కు మూసుకుని ‘‘నీ ఎరువుల ఫ్యాక్టరీ ఎంతవరకు వచ్చింది?’’ అని వేళాకోళం. గొయ్యి పూడ్పించేశాను.

అత్తయ్యగారు అప్పుడు అన్నారు: ‘‘పోగు పెట్టాలి గానీ గొయ్యేవిటమ్మాయ్, ఈ నేలలో?’’

ఆ ఒక్క మాటతో నా తప్పు తెలిసింది. తొక్క కుళ్లడానికీ ఎరువవడానికీ తేడా గాలే. గాలి తగిలితే మంచి సూక్ష్మజీవులు పనిచేస్తాయి, వేడి పుడుతుంది, మట్టి వాసన వస్తుంది. నీళ్లలో మునిగి గాలి ఆడకపోతే కంపు కొడుతుంది. కాబట్టి లోతట్టు నేల ఉన్న కోనసీమలో కంపోస్టు నేల మీదే పెట్టాలి, నేలలో కాదు.

ఇలా మొదలుపెట్టండి

వంటింట్లో ముందుగా రెండు పాత్రలు పెట్టండి. ఒకటి మూత ఉన్నది, తడికి. రెండోది పొడికి. మొదటి వారం రోజులు ఇంతే. కంపోస్టు గురించి ఆలోచించనే వద్దు. కూర తరిగిన చేత్తో సరైన పాత్రలో వెయ్యడం అలవాటయితే సగం పని అయినట్టే.

పెరట్లో కాస్త మెరక చోటు చూడండి. నీడ ఉంటే మంచిది. మూడడుగుల వెడల్పున కొబ్బరి మట్టలతో దడి కట్టండి, లేదా ఇనప వల గుండ్రంగా చుట్టండి. అడుగున కొబ్బరి డొక్కలు ఒక వరస పరవండి. నీరు కిందికి దిగిపోతుంది, గాలి పైకి వస్తుంది. వాటి మీద ఎండుటాకులు జానెడు మందాన వెయ్యండి.

ఇక లెక్క ఒక్కటే గుర్తుపెట్టుకోండి. ఒక పాత్ర తడిచెత్త వేస్తే రెండు పాత్రల ఎండుటాకులు. తొక్కలో నత్రజని ఎక్కువ, ఎండుటాకులో కర్బనం ఎక్కువ. రెండూ ఈ పాళ్లలో కలిస్తేనే సూక్ష్మజీవికి కడుపు నిండా భోజనం. ఒట్టి పప్పు గానీ ఒట్టి అన్నం గానీ మనం తినలేం కదా, అలాగే. ప్రతిసారీ పైన కనబడేది ఎండుటాకే అయి ఉండాలి. ఆకులు దొరకని వానాకాలం కోసం వేసవిలోనే రెండు గోనెసంచుల నిండా ఊడ్చి దాచుకోండి. లేదంటే పీచు మిల్లుల దగ్గర కొబ్బరి పొట్టు తెచ్చుకోండి. అది తన బరువుకి అయిదారు రెట్లు నీటిని పీల్చుకుంటుంది కాబట్టి పోగు జావకారిపోదు. అయితే పొట్టు తొందరగా కుళ్లే రకం కాదు. ఆకులతో కలిపి కొద్దికొద్దిగానే వెయ్యండి.

మొదట ఒక చెంబుడు పేడనీళ్లో, పుల్లమజ్జిగో చల్లితే తోడు వేసినట్టు అవుతుంది. పిడికెడు తీసి గట్టిగా పిండి చూడండి. చెయ్యి తడవాలి, ఒకటి రెండు చుక్కలు రావచ్చు. ధార కారితే నీరెక్కువయింది, ఆకులు కలపండి. పొడిపొడిగా రాలితే కాసిని నీళ్లు చిలకరించండి. వారానికోసారి పారతోనో కర్రతోనో కింది నుంచి పైకి తిరగెయ్యండి. మధ్యలో చెయ్యి పెడితే వేడిగా తగులుతుంది. భయపడకండి, అది బాగా ఉడుకుతున్న గుర్తు. వానకి పైన తాటాకో, పాత రేకో కప్పండి.

మూడు నెలలకి, వానాకాలమైతే నాలుగు నెలలకి, నల్లటి మట్టిలాంటి ఎరువు వస్తుంది. తొలకరి వాన వాసన వస్తే తయారైనట్టు. ఇసక జల్లెడతో జల్లించి, మిగిలిన పెళ్లలు మళ్లీ పోగులోకి వెయ్యండి. ఒక పాలు ఎరువుకి మూడు పాళ్ల మట్టి కలిపితే కుండీలకి సరిగ్గా సరిపోతుంది.

మా ఇంట్లో నలుగురం. తూచి చూశాను. రోజుకి ముప్పావుకిలో నుంచి కిలో దాకా తడిచెత్త. ఏడాదికి సుమారు మూడు వందల కిలోలు. అంత బరువు ఎవరో ఎత్తి, ఎవరో లాగి, ఎక్కడో పొయ్యకుండా ఆపానన్నమాట. ఎరువు మాటకొస్తే గొప్పలు చెప్పను. కాసే కొబ్బరిచెట్టుకి ఏడాదికి పాతిక నుంచి యాభై కిలోల పశువుల ఎరువు వెయ్యమంటారు. మా ఎరువు పూలమొక్కలకి పోను ఒక్క చెట్టుకి సరిపోతే ఎక్కువ. లాభం కోసం మొదలుపెడితే నిరాశపడతారు. శుభ్రం కోసం మొదలుపెట్టండి, లాభం కొసరుగా వస్తుంది.

భయాలూ, జవాబులూ

పురుగులు వస్తాయా? వస్తాయి. గోధుమరంగులో మెలికలు తిరిగే పురుగులు మనకి హాని చెయ్యవు, తొక్కలు తొందరగా తినేస్తాయి. ముసురు ఈగలు ఎక్కువైతే పైన ఆకులు చాల్లేదని అర్థం.

కొబ్బరితోట ఉన్నవాళ్లు మాత్రం ఒక సంగతి తప్పకుండా తెలుసుకోవాలి. కొబ్బరి మొవ్వు కొరికే కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది పెంటపోగుల్లోనే. ‘పోగు పెడితే తోట పాడవుతుంది’ అని మీ ఇంట్లో మగవాళ్లు అంటే అది వట్టి మాట కాదు. తిరగేసేటప్పుడు బొటనవేలంత లావున, వంకర తిరిగి, గోధుమరంగు తల ఉన్న తెల్లటి పురుగులు కనబడితే ఏరి చంపెయ్యాలి. వారం వారం తిరగేస్తూ, తయారైన ఎరువు తయారైనట్టు తీసి వాడేస్తే వాటికి ఎదిగే వ్యవధి ఉండదు. ఏళ్ల తరబడి కదపని పోగే ప్రమాదం. మెటారైజియం అనే శిలీంధ్రం పొడిని పోగులో కలిపితే ఆ పురుగులకి తెగులు సోకి చస్తాయి. అంబాజీపేటలో ఉద్యాన పరిశోధన స్థానం ఉండనే ఉంది, వెళ్లి అడగండి.

పాములొస్తాయేమో? పాము ఎలక కోసం వస్తుంది, ఎలక అన్నం కోసం వస్తుంది. కాబట్టి మిగిలిన అన్నం పైన పారబొయ్యకుండా పోగు మధ్యలో పెట్టి ఆకులు కప్పండి. నూనె కూరలు, పాలు, చేపల పొలుసు, రొయ్యల తొక్క వద్దు. చేపల తుక్కు ఏ అరటిపిలక దగ్గరో మోకాల్లోతు మట్టిలో పూడ్చండి, పిల్లులు తవ్వకుండా పైన రాయి పెట్టండి. కొబ్బరి చిప్పలు ఏళ్ల దాకా కుళ్లవు, వాటిని వెయ్యవద్దు. అరటి బోదె, పనస తొక్క మాత్రం చిన్న ముక్కలుగా కొట్టి వెయ్యండి.

ఇంకో మాట. మగవాళ్ల ముందు చెప్పుకోం గానీ మనలో మనం చెప్పుకోవాలి. నెలసరి ప్యాడ్లు ఎవరికీ కనబడకూడదని తొక్కల అడుగున దాచి పడేస్తాం. ఆ సంచీ విప్పేదీ మనలాంటి ఆడదే. మన సిగ్గు కోసం ఆమె చెయ్యి పెట్టాలా? కాగితంలో గట్టిగా చుట్టి, పైన ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి విడిగా ఇవ్వండి. గాజు పెంకులు, బ్లేళ్లు, సూదులు కూడా అంతే.

పెరడు లేనివాళ్లు

అద్దె ఇల్లు, అపార్టుమెంటు అంటారా? పాత పెయింటు బకెట్లు రెండు చాలు. చుట్టూ, అడుగునా వేడి మేకుతో బెజ్జాలు పొడిచి, కింద ఒక పళ్లెం పెట్టండి. ఇందాకటి పద్ధతే, ఇందాకటి పాళ్లే. ఒకటి నిండాక మూతపెట్టి పక్కన ఉంచి, అది పండేలోగా రెండోది నింపండి. నలుగురు కలిస్తే అపార్టుమెంటు వెనక ఒక దడి కట్టుకోవచ్చు. కొంచెం పెరడుంటే అలప్పుళ వాళ్లలా ఎనిమిదంగుళాల పీవీసీ పైపు ముక్కలు రెండు నిలబెట్టి, మూత పెట్టుకోవచ్చు. అయితే నీరు నిలవని మెరక మీదే సుమా!

ఇదీ మన నెత్తినేనా?

ఇంతసేపూ చదివిన చెల్లెళ్లు కొందరు ఈపాటికే విసుక్కుంటూ ఉంటారు. ‘వంట, అంట్లు, బట్టలు, పిల్లల చదువు, ఆఫీసు, ఇప్పుడు చెత్త తిరగెయ్యడం కూడానా?’ అని. న్యాయమైన ప్రశ్న. పర్యావరణం అని ఎవరు ఏ మంచి మాట చెప్పినా చివరికి ఇల్లాలి పనుల జాబితాలో ఇంకో పని చేరుతోంది.

అందుకే మా ఇంట్లో నేను మొదటే పంచేశాను. వేరు చెయ్యడం అందరి పని. తిన్నవాళ్లు తమ కంచంలో మిగిలింది తామే తడి పాత్రలో వెయ్యాలి. ఎండుటాకులు ఊడ్చి గోనెల్లో నింపడం మా అబ్బాయి పని. ఆదివారం ఆదివారం పోగు తిరగెయ్యడం మావారి పని. మొదట్లో ‘‘నాకు ఆఫీసు పనే బోలెడు’’ అన్నారు. ‘‘నాకు మటుకు సెలవా?’’ అన్నాను. మూడు వారాలు ఆ పోగు తిరగెయ్యకుండా అలాగే వదిలేశాను. వాసన ముందుగా వచ్చింది ఆయన పడుకునే గదిలోకే! నాలుగో వారం పార ఆయనే పట్టుకున్నారు. ఇప్పుడు చుట్టాలొస్తే పోగు దగ్గరికి తీసుకెళ్లి చూపించి, అంతా తన ఘనతే అన్నట్టు మాట్లాడతారు. మాట్లాడనివ్వండి, పార వదలకుండా ఉంటే చాలు.

చెత్తని ఇంట్లోవాళ్లందరూ చేస్తారు. అది ఆడవాళ్లు మాత్రమే ఎత్తాలని ఎక్కడా రాసిలేదు. ఇంట్లో ఇల్లాలు, వీధిలో ఆ బండి తోసే ఆడమనిషి, ఇద్దరూ అలవాటు పడిపోయారని మిగతావాళ్లు చేతులు దులుపుకుంటే ఏ పథకమూ ముందుకి సాగదు. రాష్ట్రంలో 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం అని మొదలుపెట్టారు. మంచిదే. నెలకో శనివారం వీధిలో చీపురు పట్టి ఫొటో దిగే ప్రతి మగవాడూ ఇంటికెళ్లి తన కంచంలోది తానే తీసి వేరుగా వేస్తున్నాడా అని ఇంట్లో ఆడవాళ్లు అడగాలి.

ఇప్పుడు మా గేటు దగ్గరికి వెళ్లేది ఒక్కటే సంచీ. పొడిగా, తేలిగ్గా ఉంటుంది. వారానికి రెండుసార్లు ఇస్తే చాలు. ఆ అరచేతి మీద మచ్చ మాత్రం అలాగే ఉంది. సంచీ అందించినప్పుడల్లా నా కళ్లు దాని మీదికే పోతాయి. మొన్నామధ్య ఆమె మా సంచీని విప్పకుండానే బండిలో పక్కగా పెట్టింది. ‘‘అదేం, చూడవా?’’ అన్నాను. ‘‘మీదాన్లో ఏం ఉండవు కదండీ’’ అంది.

ఆ నమ్మకం సంపాదించడానికి నాకు మూడేళ్లు పట్టింది. మీకు అంత పట్టక్కర్లేదు. రేపు ఉదయం కూర తరిగేటప్పుడు పక్కన రెండు పాత్రలు పెట్టుకోండి. ఏది ఎందులో వెయ్యాలో ముందు మీవారికి చూపించండి. మిగతాది తర్వాత చూద్దాం!